జామెట్రీ బాక్సులో కాపలాదారు

అది బడిపిల్లల రేకు జామెట్రీ బాక్సు. మూత మీద రంగు అక్కడక్కడా ఊడిపోయింది. మూతకి ఒక పక్క పాత టేప్‌రికార్డర్‌లోంచి ఊడదీసిన వీయూ మీటరు, దాని కింద రెండు నాబ్‌లు, ఒక ఇయర్‌ఫోన్ సాకెట్. ఎడమ అంచున చిన్న చిల్లు, అందులోంచి నిటారుగా లేచిన మూడు సెంటీమీటర్ల తీగముక్క. ఇంతకుమించి పైకి ఏమీ కనబడదు. ట్రయల్ రూములో దీన్ని సంచిలోంచి తీస్తే చూసినవాళ్ళు నవ్వుకుంటారు. కానీ ఆ గదిలో ఎక్కడో నక్కి, గాలిలోకి బొమ్మలు పంపుతున్న కెమెరా ఉంటే ఈ మీటరు ముల్లు లేస్తుంది.

దీన్ని చేసినాయన విజయవాడ గవర్నర్‌పేటలో ఒకప్పుడు టీవీలు బాగుచేసిన మెకానిక్. పేరు రాయొద్దన్నారు. టీవీలు పలకల్లా పలచబడ్డాక రిపేరు చేసేవాళ్ళకి బోర్డు మార్చడం తప్ప పని మిగల్లేదు. సోల్డరింగ్ ఐరన్‌కి ఖాళీ దొరికింది. హాస్టల్లో చేరబోతున్న మనవరాలి కోసం దీన్ని మొదలుపెట్టారట. మూత తెరిచి లోపల చూడనిచ్చారు, అడిగినవాటికి ఓపిగ్గా చెప్పారు. అవన్నీ రాయడానికే ఈ వ్యాసం.

ఇలాంటి పరికరాలు ఆన్‌లైన్‌లో కొల్లలుగా దొరుకుతాయి. 1 మెగాహెర్ట్జ్ నుంచి 6.5 గిగాహెర్ట్జ్ దాకా అన్నీ పట్టేస్తుందని అట్టపెట్టె మీదే రాసి ఉంటుంది. కొని ఇంట్లో ఆన్ చేస్తే బీప్‌మంటుంది. వంటింట్లో, వరండాలో, డాబా మీద, ఎక్కడైనా బీప్‌మంటుంది. మొబైల్ టవరు, ఎఫ్ఎం స్టేషను, పక్కింటి వైఫై, మన జేబులోని ఫోను, దానికి అన్నీ ఒకటే. వారం తిరక్కుండా అది అలమరలోకి పోతుంది. గవర్నర్‌పేట ఆయన ఎదురు దారిలో నడిచారు. ఏం వినాలన్న దానికన్నా ఏం వినకూడదన్న దాని మీదే బుర్ర పెట్టారు. ఈ డబ్బా గొప్పతనం అక్కడే ఉందని నా అభిప్రాయం.

ముందు ఆ తీగ సంగతి. చవక వైఫై కెమెరాలు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే పనిచేస్తాయి. పాత రకం అనలాగ్ వైర్‌లెస్ కెమెరాలూ ఎక్కువగా అక్కడే: 2414, 2432, 2450, 2468 మెగాహెర్ట్జ్ అని నాలుగు చానళ్ళు. ఈ తరంగాల పొడవు పన్నెండు సెంటీమీటర్ల పైచిలుకు. అందులో పావు వంతు పొడవున్న తీగని లోహపు పలక మీద నిలబెడితే అది ఆ తరంగానికి చక్కగా స్పందిస్తుంది. లెక్క వేస్తే 31 మిల్లీమీటర్లు. యాంటెన్నా కోసం ఆయన బజారుకి వెళ్ళలేదు. ఇంట్లో పడి ఉన్న కేబుల్ టీవీ వైరు ముక్క తీసుకుని, పైతొడుగూ అల్లికా ఒలిచేసి, మధ్య తీగని 31 మిల్లీమీటర్ల మేర బయట పెట్టారు. చిల్లులో తీగ రేకుకి తగలకుండా అదే వైరులోని తెల్లటి నురుగు పొరని ఉంచేశారు. ఆ నురుగు తయారైందే ఇలాంటి తరంగాలని వృథా చేయకుండా మోయడానికి. ప్లాస్టిక్ బుష్ కొని బిగించినా పని జరిగేది, ఇంత బాగా జరిగేది కాదు.

డబ్బా రేకుదే ఎందుకంటే, తీగ కింద నేలగా పనిచేయాల్సింది ఆ రేకే. పైగా లోపలి సర్క్యూట్‌లోకి బయటి రేడియో సందడి దూరకుండా అదే గోడ. అయితే జామెట్రీ బాక్సుకి లోపలా బయటా రంగు పూస్తారు. మూత వేసినా రంగుకి రంగు ఆనుతుందే తప్ప లోహానికి లోహం తగలదు. కంటికి మూసుకున్నట్టే ఉంటుంది, తరంగానికి మాత్రం చుట్టూరా సందే. ఆయన మూత అంచునీ, అది కూర్చునే గట్టునీ చుట్టూ గరుకు కాగితంతో గీకి లోహాన్ని బయటపెట్టారు. మూత తెరిచినప్పుడు ఆ మెరిసే గీత ఒక్క చోట కూడా తెగకుండా తిరుగుతుంది. మూత మళ్ళీ వేశాక అది ఎవరికీ కనపడదు.

ఇక అసలు పనితనం తీగ మొదట్లో ఉంది. అక్కడ ఇంకో తీగముక్క ఉంటుంది. ఒక కొన యాంటెన్నా మొదలుకి, రెండో కొన రేకుకి సోల్డర్ చేసి ఉంది. పొడవు మళ్ళీ 31 మిల్లీమీటర్లే. చూడగానే నాకు అనుమానం వచ్చింది. యాంటెన్నాని తీసుకెళ్ళి గ్రౌండ్‌కి కలిపేస్తే పట్టుకున్న సిగ్నలంతా భూమిలోకి పోదా?

"పోతుంది బాబూ. పోవాల్సినవే పోతాయి," అన్నారాయన.

దీన్ని స్టబ్ అంటారు. పావు తరంగం పొడవున్న తీగని ఒక కొన దగ్గర షార్ట్ చేస్తే, రెండో కొన దగ్గర ఆ తరంగానికి అసలు తీగే లేనట్టు ఉంటుంది. షార్ట్ దగ్గరికి వెళ్ళి తిరిగొచ్చేసరికి తరంగం సగం పొడవు నడుస్తుంది, షార్ట్ దగ్గర తలకిందులవుతుంది. రెండూ కలిసి వచ్చేదానికీ వెళ్ళేదానికీ పొంతన కుదిరి, అక్కడ కరెంటు పారదు. 2.4 గిగాహెర్ట్జ్‌కి ఆ దారి మూసి ఉన్నట్టే లెక్క. అదే 100 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండే ఎఫ్ఎం స్టేషన్‌కి ఆ 31 మిల్లీమీటర్లు లెక్కలోకే రావు. దానికది ఉత్త షార్ట్, నేరుగా రేకులోకి పోతుంది. 900 మెగాహెర్ట్జ్ మొబైల్ టవరు సిగ్నల్ పూర్తిగా పోదు గానీ బాగా నీరసిస్తుంది. కొన్న డిటెక్టర్లని ఏ సిగ్నళ్ళు పిచ్చెక్కిస్తాయో వాటిలో కొన్నిటికి ఈ చిన్న తీగ ముందే దారి చూపించి పంపేస్తుంది. ఫిల్టర్ ఐసీ లేదు, కాయిల్ లేదు, ఖర్చు సున్నా.

ఆ తీగకి రెండో పని కూడా ఉంది. యాంటెన్నా ఒక కొన గాలిలో వేలాడుతుంది కాబట్టి, దాని వెనకున్న డయోడ్ గుండా ఏకముఖ విద్యుత్తు (డీసీ) పారాలంటే తిరిగి రావడానికి ఒక దారి కావాలి. ఆ దారి లేకపోతే డయోడ్ మొండికేస్తుంది. కొత్తగా కట్టేవాళ్ళు చాలామంది ఇక్కడే తికమకపడతారు, డయోడ్ పాడైందనుకుని మారుస్తూ పోతారు. స్టబ్ రేకుకి కలిసే ఉంది కాబట్టి ఆ దారి దానంతటదే సమకూరింది.

డయోడ్ దగ్గరికి వద్దాం. రేడియో తరంగాన్ని ముల్లు కదిపే విద్యుత్తుగా మార్చేది ఇదే. స్ఫటికంతో ఈ పని చేయించడంలో మన దేశానికి పాత చుట్టరికం ఉంది. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో జగదీశ్ చంద్ర బోస్ గెలీనా అనే సీసపు ఖనిజపు ముక్కతో తరంగాలని పసిగట్టే సాధనం చేసి, 1901లో అమెరికా పేటెంటుకి దరఖాస్తు పెట్టారు. 1904లో అది మంజూరైంది. ఆయన ప్రయోగాలు చేసిన తరంగాలు కొన్ని అయిదు మిల్లీమీటర్లంత పొట్టివి, నేటి వైఫై కంటే ఎన్నో రెట్లు పొట్టివి.

మన మెకానిక్ గారు పాత అలవాటుకొద్దీ ముందు రేడియోల్లో వాడే జర్మేనియం డయోడ్ పెట్టి చూశారట. అది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మందగించింది. డయోడ్‌కి తనదైన కెపాసిటెన్స్ ఉంటుంది. రేడియో స్టేషన్ల దగ్గర దాని ఊసే ఉండదు, ఇంత ఎత్తు ఫ్రీక్వెన్సీలో మాత్రం తరంగం డయోడ్ పని ముట్టుకోకుండానే దాని పక్కనుంచి జారిపోతుంది. అందుకని హెచ్ఎస్ఎంఎస్-2850 అనే షాట్కీ డయోడ్‌కి మారారు. మూడు మిల్లీమీటర్ల పొడవు కూడా లేని నల్ల గింజ, మూడు కాళ్ళు, అందులో ఒకటి ఉత్తిదే. దాన్ని పీసీబీ మీద పెట్టి, అక్కడినుంచి యాంటెన్నాకి వైరు లాగితే ఆ వైరే మరో యాంటెన్నా అయి కూర్చుంటుంది. అందుకే డయోడ్‌ని సరాసరి తీగ మొదలుకే అతికించారు. అరవై దాటిన చేయి, భూతద్దం, సన్న మొన ఐరన్. సోల్డర్ చుక్క గుండ్రంగా ఉబ్బకుండా కాలి చుట్టూ పలచగా పాకి ఆగింది. చెయ్యి వణికిన గుర్తు ఎక్కడా లేదు.

డయోడ్ తెరుచుకోవాలంటే 0.6 వోల్టు కావాలని పాలిటెక్నిక్‌లో చెబుతారు. గదిలో దాక్కున్న కెమెరా నుంచి ఈ తీగకి అందేది మిల్లీవోల్టుల్లో ఉంటుంది. మరెలా? ఈ రకం డయోడ్‌లో కరెంటు గీత సున్నా దగ్గరే కొద్దిగా వంగి ఉంటుంది. ఒక పక్కకి పోయే కరెంటు, రెండో పక్కకి పోయేదాని కంటే పిసరంత ఎక్కువ. ఆ పిసరు మిగులే మనకి సిగ్నలు. ఇందులో ఒక లాభం కూడా ఉంది. ఇంత చిన్న స్థాయిలో డయోడ్ ఇచ్చే వోల్టేజీ తరంగపు శక్తితో సమంగా పెరుగుతుంది. కెమెరాకి ఉన్న దూరం సగమైతే శక్తి నాలుగింతలు, ముల్లు ఊపు కూడా నాలుగింతలు. వెతికేవాడికి ఇంతకంటే కావలసిందేముంది, దగ్గరవుతున్న కొద్దీ ముల్లు తొందరపడుతుంది.

ఆ మిల్లీవోల్టులని పెంచడానికి సీఏ3130 అనే ఐసీ. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏళ్ళ తరబడి కడుతూ వస్తున్న 'మొబైల్ బగ్' ప్రాజెక్టులో ఉండేది ఇదే. ఒక్క తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది, సున్నా వోల్టు దాకా వింటుంది. ఒక అవలక్షణం మాత్రం ఉంది: లోపలికి ఏమీ రాకపోయినా కొన్ని మిల్లీవోల్టులు వచ్చినట్టు భ్రమపడుతుంది. దాన్ని వంద రెట్లు పెంచితే ముల్లు ఖాళీ గదిలోనే లేచి కూర్చుంటుంది. ఆ భ్రమని చెరపడానికి ఐసీ ఒకటో కాలికీ అయిదో కాలికీ మధ్య ఒక పాట్ పెట్టాలి. చాలామంది అక్కడ చిన్న ప్రీసెట్ పెట్టి, ఒకసారి తిప్పి, మైనం అంటించేస్తారు. ఈయన దాన్ని బయటికి తెచ్చి మొదటి నాబ్ చేశారు. ఎండకీ, బ్యాటరీ నీరసానికీ ఆ సున్నా జరుగుతూ ఉంటుంది కాబట్టి గదిలోకి అడుగుపెట్టే ముందు ప్రతిసారీ మనమే సరిచేసుకోవాలి. రెండో నాబ్ ఎంత పెంచాలన్నది చూసుకుంటుంది.

అక్కడినుంచి దారి రెండుగా చీలుతుంది. ఒకటి మీటరుకి, ఇంకొకటి ఎల్ఎం386 గుండా ఇయర్‌ఫోన్‌కి. మొదట్లో నాకు ఇది అనవసరపు హంగు అనిపించింది. చెవిలో పెట్టుకున్నాక తెలిసింది.

వైఫై రూటరు ఏ పనీ లేకపోయినా "నేనున్నాను" అని సెకనుకి దాదాపు పదిసార్లు చిన్న పలకరింపు పంపుతుంది. రెండింటి మధ్య ఎడం 102.4 మిల్లీసెకన్లు. ఇయర్‌ఫోన్‌లో అది టకటకటకమని, తాళం తప్పకుండా వినిపిస్తుంది. అదే వైఫైలో ఎవరైనా వీడియో పంపుతుంటే ఆ తాళం మీద ఇంకో చప్పుడు పడుతుంది, కాగిన నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు. రెండు నిమిషాలు విన్నవాడికి ఇక ఈ తేడా చెప్పనక్కర్లేదు. బీప్‌మనే డబ్బాకి రెండూ ఒకటే.

చెవికి దొరకనిది పాత అనలాగ్ కెమెరా. అది ఎఫ్ఎం పద్ధతిలో, తెంపు లేకుండా, ఒకే బలంతో తరంగం పంపుతూ ఉంటుంది. బలంలో హెచ్చుతగ్గులు లేవు కాబట్టి ఇయర్‌ఫోన్‌లో నిశ్శబ్దం. ముల్లు మాత్రం లేచి, కదలకుండా నిలబడుతుంది. వైఫైకి మళ్ళీ తిరకాసు: ప్యాకెట్లు మెరుపుల్లా వచ్చిపోతాయి, బరువైన ముల్లు కదిలేలోపు అయిపోతాయి. అందుకని మీటరు ముందు ఒక డయోడూ కెపాసిటరూ పెట్టారు. ప్యాకెట్ రాగానే కెపాసిటరు గబుక్కున నిండి, మెల్లగా ఖాళీ అవుతుంది. ముల్లు లేచి, కాస్త ఆగి, దిగుతుంది. ముల్లు లేచి చెవి ఊరుకుంటే ఒక రకం శత్రువు, రెండూ కలిసి పలికితే ఇంకో రకం. తీర్పు చెప్పడం మాత్రం మనిషి పనే.

వాడే పద్ధతి కూడా ఆయనే నేర్పారు.

"ముందు మీ సెల్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి బాబూ. లేకపోతే ముల్లు మీకే సలాం కొడుతుంది."

గది మధ్యలో నిలబడి డబ్బాని గుండెకి ఆనించుకుని మెల్లగా చుట్టూ తిరగాలి. మన ఒంట్లోని నీరు 2.4 గిగాహెర్ట్జ్‌ని బాగా మింగుతుంది. వీపు సిగ్నల్ వైపు తిరిగినప్పుడు ముల్లు పడిపోతుంది, అంటే కెమెరా మన వెనక ఉంది. దాచిన ట్రాన్స్‌మిటర్‌ని వెతికే పోటీల్లో హామ్ రేడియో వాళ్ళు ఎప్పటినుంచో వాడే ఉపాయమిది. దిక్కు తెలిశాక అటు నడవాలి, చేయి ఆపకుండా ఊపుతూ. గోడల మీద తగిలి తిరిగొచ్చే తరంగాలు ఒకదానితో ఒకటి కలబడి, ఆరేసి సెంటీమీటర్లకి ఒక ఎత్తూ ఒక పల్లమూ చేస్తాయి. ఒకేచోట బిగబట్టి పెడితే పల్లంలో పడి ఏమీ లేదనుకుంటాం.

ఇంకొకటి నాకు బాగా నచ్చింది. డిజిటల్ కెమెరా ఫ్రేములన్నీ పూర్తిగా పంపదు. ముందు ఫ్రేముకీ దీనికీ మధ్య మారిన భాగాన్నే ఎక్కువగా పంపుతుంది. కాబట్టి కదలకుండా కూర్చుంటే చిటపటలు పలచబడతాయి, లేచి చేతులూపినా లైటు ఆర్పి వేసినా ఒక్కసారి జోరందుకుంటాయి. పక్కింట్లో ఎవరో సినిమా చూస్తుంటే ఆ చప్పుడుకి మన కదలికతో సంబంధం ఉండదు. అనుమానం తీర్చుకోవడానికి అయిదు వేళ్ళూ ఒక స్విచ్చీ చాలు.

ట్రయల్ రూములో ఫోన్ కాల్ కలవకపోతే కెమెరా ఉన్నట్టేనని వాట్సాప్‌లో ఏళ్ళుగా తిరిగే చిట్కా ఒకటుంది. దానికి ఆధారం లేదు. కాల్ కలవకపోవడానికి కాంక్రీటు గోడ చాలు, కెమెరా ఉన్నా కాల్ చక్కగా కలుస్తుంది. జనం దాన్ని నమ్మి ధైర్యంగా బట్టలు మార్చుకుంటున్నారన్నదే బాధ.

మెచ్చుకుంటున్నాను కదా అని లోపాలు దాచను. 5 గిగాహెర్ట్జ్ వైఫై వాడే కెమెరా దగ్గర ఈ డబ్బా చెవి మందం. తీగా స్టబ్బూ రెండూ 2.4కి కొలిచి కోసినవి కాబట్టి, 5 దగ్గర ఆ స్టబ్ మళ్ళీ దాదాపు షార్టే, పైది చాలా తక్కువే అందుతుంది. మూడు నాలుగు మీటర్లు దాటితే నమ్మకం లేదు, దాన్ని ఆయన లోపంగా ఒప్పుకోరు, "పక్కింటి రూటరు గొడవ నాకెందుకు" అంటారు. బ్యాటరీ అయిపోతోందని చెప్పే దీపం లేదు. అది మాత్రం ఉండాల్సింది. నీరసించిన బ్యాటరీతో ముల్లు లేవకపోతే గది శుభ్రంగా ఉందనుకునే ప్రమాదం ఉంది. ఇల్లు దాటే ముందు సొంత రూటరు దగ్గర ఒకసారి ముల్లు లేపి చూసుకోవడమే ప్రస్తుతానికి మందు.

అన్నిటికంటే పెద్ద హద్దు ఇంకొకటి. మెమరీ కార్డులో రికార్డు చేసుకునే కెమెరా గాలిలోకి ఏమీ పంపదు. వైరుతో పోయేదీ అంతే. వాటి ముందు ఈ డబ్బాయే కాదు, ఏ రేడియో డిటెక్టరూ పనికిరాదు. వాటికి వెలుతురు కావాలి. లెన్సు మీద పడ్డ కాంతి వెనకున్న సెన్సరు మీద కేంద్రీకరించి, వచ్చిన దారినే తిరిగి వెళుతుంది. కాబట్టి గది చీకటి చేసి, టార్చిని కంటి పక్కనే, చెంపకి ఆనించి పట్టుకుని వెతకాలి. దూరంగా పట్టుకుంటే ఆ మెరుపు మన కంటికి కాక టార్చికి చేరుతుంది. ఇదీ తేలిక కాదు. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం, దక్షిణ కొరియాలోని యోన్సే విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో చేసిన పరీక్షల్లో మామూలు కంటితో వెతికినవాళ్ళు దాచిన కెమెరాల్లో 46 శాతమే పట్టగలిగారు. ఫోన్‌లోని లేజరు దూరమాపకాన్ని వాడుకుంటే ఆ సంఖ్య 88.9 శాతానికి వెళ్ళింది.

కొరియా ఊరికే ఈ పనిలో దిగలేదు. అక్కడ 2019 మార్చిలో బయటపడ్డ ముఠా పది ఊళ్ళలోని 30 లాడ్జీల్లో టీవీ పెట్టెల్లో, గోడ సాకెట్లలో, హెయిర్ డ్రయర్ హోల్డర్లలో కెమెరాలు దాచి, దాదాపు 1,600 మంది అతిథులని ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేసింది. ప్రత్యక్ష ప్రసారమంటే గాలిలోకి బొమ్మలు పోవాల్సిందే, ముల్లు లేచే సందర్భమదే. ఆ జాబితాలో గోడ సాకెట్ ఉండటం గమనించండి. కరెంటు దొరికే చోటే ఇలాంటి కెమెరా రోజుల తరబడి బతుకుతుంది. డబ్బా పట్టుకుని తిరిగేవాళ్ళు ముందు ప్లగ్గులు, అడాప్టర్లు, గోడ గడియారాలు, సీలింగ్‌లోని పొగ అలారాల చుట్టూ తిప్పాలి.

నిజంగా దొరికితే మాత్రం పీకి పారేయకండి. దాని మీది వేలిముద్రలూ, కార్డులోని బొమ్మలే సాక్ష్యం. ఉన్నచోటే ఉంచి ఫొటో తీసుకుని, గది వదిలి బయటికొచ్చి 112కి ఫోన్ చేయండి. తెలంగాణలో షీ టీమ్స్ ఉన్నాయి. భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద మొదటి నేరానికే ఏడాదికి తగ్గకుండా మూడేళ్ళ దాకా జైలు, ఐటీ చట్టం 66ఈ కింద వేరే కేసు.

చివరిగా ఈసీఈ చదివే పిల్లలకి ఒక మాట. ఆఖరి ఏడాది ప్రాజెక్టుని అమీర్‌పేటలోనో కోఠిలోనో తయారుగా కొని, వైవా ముందు రాత్రి బట్టీ పట్టేవాళ్ళు మీలో చాలామంది ఉన్నారని మీకూ తెలుసు, మీ లెక్చరర్లకీ తెలుసు. ఈసారి ఇది మీ చేతులతో కట్టండి. విడిభాగాలు చాలావరకు కోఠి గుజరాతీ గల్లీలోనో ఆన్‌లైన్‌లోనో దొరుకుతాయి. మూత అంచు రంగు గీకడం మరిచిపోవద్దు. స్టబ్ 31 మిల్లీమీటర్లు, రెండో కొన రేకుకి.